కృష్ణ మొగ పటం

మా ఆఫీసు ఫోను మోగిందంటే సగం సార్లు అవతలివాళ్ళ మొదటి మాట ఒకటే ఉండేది. "మేడమ్, లాకు కనబడట్లేదంటోంది."

లాకు అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏది కొన్నా సీడీతో పాటు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చేవారు. దాన్ని కంప్యూటర్ వెనక ప్రింటర్ కేబుల్ పెట్టేచోట బిగించాలి. అది ఉంటేనే ప్రోగ్రామ్ తెరుచుకునేది. ఒకరు కొన్నదాన్ని పదిమంది కాపీ చేసుకోకుండా కంపెనీవాళ్ళు పెట్టుకున్న కాపలా అది. చిక్కేమిటంటే ఆ కాపలావాడు దొంగల కంటే ఎక్కువగా డబ్బు పెట్టి కొన్నవాళ్ళనే గుమ్మంలో నిలబెట్టేవాడు. కేబుల్ వదులైనా, కంప్యూటర్ మార్చినా, ఒక్కోసారి ఏ కారణమూ లేకపోయినా "మీరెవరో నాకు తెలియదు" అనేవాడు. నా ఉద్యోగంలో చాలా భాగం ఆ కాపలావాడికీ అసలు యజమానికీ మధ్య రాజీ కుదర్చడంలోనే గడిచింది.

విజయవాడలో మాది చిన్న సంస్థ. కాలువల సర్వేలకు, ఇళ్ళ ప్లాన్లకు, పటాలు గీసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు అమ్మి, తర్వాత వాటి బాగోగులు చూసేవాళ్ళం. సాఫ్ట్‌వేర్ నాది. యంత్రాలు విప్పి బిగించే పని నా సహోద్యోగి ఒకాయనది. నాకంటే చాలా చిన్నవాడు, చేతివేగం ఉన్నవాడు. ఏ యంత్రమైనా మొండికేస్తే దాన్ని లొంగదీసుకునేదాకా టీ కూడా తాగేవాడు కాదు. మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు, ఒకరు లేకుండా ఇంకొకరికి గడిచేదీ కాదు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఒక వేసవిలో, పటమట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైన లెక్చరర్. చంకలో అట్టపెట్టె, అందులో ఒక సీడీ, మాన్యువల్ పుస్తకం, గుడ్డలో చుట్టిన లాకు.

"ఇది మీ దగ్గరే కొన్నానమ్మా, ఎప్పుడో," అన్నారు. "నా కంప్యూటర్ పోయింది. కొత్తది కొన్నాను. అందులో ఇది ఎక్కనంటోంది."

పెట్టె మీద పేరు చూడగానే నాకు గుర్తొచ్చింది. నీటి లోతుల పటాలు గీసే సాఫ్ట్‌వేర్ అది. రిజర్వాయర్లలో, నదుల్లో అక్కడక్కడా కొలిచిన లోతులు దానికిస్తే నీటి అడుగున నేల ఎలా ఉందో రంగుల్లో గీసి చూపేది. మేము అమ్మినవి చాలా తక్కువ. తయారుచేసిన కంపెనీ మూతపడి ఎన్నో ఏళ్ళయింది.

"ఇప్పుడు ఇంతకంటే మంచివి వచ్చాయి మాస్టారూ. మీ డేటా అందులోకి మార్చేద్దామా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మార్చడం కుదరదమ్మా. నేను ప్రయత్నించాను. ఫైలు పెన్‌డ్రైవులో దాచుకున్నాను గాని, అది దీంట్లోనే తెరుచుకుంటుంది."

తర్వాత మాస్టారు నెమ్మదిగా తన సంగతి చెప్పారు. ఆయనది సముద్రం మీద బతికే కుటుంబం. నాగాయలంక దాటి ఇంకా కిందికి, కృష్ణ సముద్రంలో కలిసేచోట వాళ్ళ ఊరు. తాత, తండ్రి, అందరూ చేపల వేటకు వెళ్ళినవాళ్ళే. చిన్నప్పుడు ఈయనకు మూర్ఛలు వచ్చేవట. పడవ మీద వస్తే ఎలాగని తండ్రి సముద్రం మీదికి రానివ్వక చదువులో పెట్టాడు. తమ్ముడు మాత్రం సరంగు అయ్యాడు, అంటే బోటు నడిపే మనిషి. ఉద్యోగంలో చేరాక ఈయన తమ్ముడికి లోతు కొలిచే ఎకో సౌండర్ కొనిపెట్టారు. తమ్ముడు వేటకు వెళ్ళినప్పుడల్లా ఎక్కడ ఎంత లోతుందో అందులో నమోదయ్యేది. తిరిగొచ్చాక ఆ మెమొరీ కార్డు విజయవాడ వచ్చేది. అన్న ఇక్కడ పటమటలో ఒక గదిలో కూర్చుని వాటిని పటంగా గీసేవాడు. ఏళ్ళ తరబడి ఇదే పని.

"కొలతలన్నీ ఒకే సమయంలో తీసినవి కావు కదమ్మా," అన్నారు. "నీళ్ళు ఎక్కే పోటప్పుడు కొలిస్తే ఒక లోతు, తగ్గే పాటప్పుడు కొలిస్తే ఒక లోతు. అన్నిటినీ ఒక మట్టానికి తెచ్చే లెక్క నేను ఈ ఫైలు లోపలే కట్టుకుంటూ వచ్చాను. అది పోతే మిగిలేవి ఉత్త అంకెలు."

"అంత తొందరగా కావాలా మాస్టారూ? లేకపోతే నిదానంగా చూద్దాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నది సముద్రంలో కలిసే నోటిని వాళ్ళు మొగ అంటారు. మొగలో ఇసుక మేటలు ఏటా చోటు మారుతుంటాయి. కిందటి వరదలకు అక్కడి మేటలన్నీ తారుమారయ్యాయి. తిరిగి వస్తున్న ఒక బోటు ఇసుకకు తగిలి అలల్లో బోల్తా పడింది. ఇద్దరు మళ్ళీ ఇంటికి రాలేదు. వేసవిలో మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది కాబట్టి తమ్ముడు ఆ రోజుల్లో తెడ్ల పడవ మీద మొగంతా తిరిగి కొత్త లోతులు కొలిచాడు. నిషేధం ఎత్తేసేలోపు పటం తయారైతే ఊళ్ళో బోట్లన్నీ దాన్ని పట్టుకుని మొగ దాటుతాయి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ పోయింది.

"మీకు ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నారు ఆయన.

నేను పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళాను.

కొత్త కంప్యూటర్లో ఆ సీడీ అసలు కదల్లేదు. ఇన్‌స్టాలేషన్ ప్రోగ్రామే పాతకాలపుది, కొత్త యంత్రాలకు ఆ భాష రాదు. కొత్త కంప్యూటర్ లోపలే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే ఏర్పాటు చేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కింది కాని, తెరవగానే పాత పాటే. లాకు కనబడలేదు. కొత్త కంప్యూటర్లకు వెనక ఆ ప్రింటర్ పోర్టే ఉండదు. యూఎస్‌బీ మార్పిడి కేబుల్ పెట్టి చూశాం. దాంతో ప్రింటర్లు పనిచేస్తాయి గాని, ఈ లాకులు పనిచేయవు. మా హార్డ్‌వేర్ ఆయన ఎక్కడినుంచో పోర్టు కార్డు ఒకటి తెచ్చి బిగించాడు. ప్రోగ్రామ్ లాకును వెతికే చిరునామా ఒకటి, కార్డు ఉన్న చిరునామా ఇంకొకటి. రెండూ కలవలేదు. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఏమైందని ఒక్కసారీ అడగలేదు. ఆయన అడగకపోవడమే మాకు కష్టంగా ఉండేది.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గరికి వచ్చేసింది. ఆ ముందు రోజు నేను కంకిపాడులో ఒక రైస్ మిల్లుకు వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఆఫీసంతా పండగలా ఉంది. మా హార్డ్‌వేర్ ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అయిపోయింది మేడమ్. పటం వచ్చేసింది. మాస్టారి తమ్ముడు కూడా వచ్చారు. ప్రింటు తీసి ఆయనకిచ్చేశాను, ఊరికి బస్సెక్కేశారు."

"లాకు కనబడిందా?"

"లాకుతో పని లేదండి. నెట్‌లో క్రాక్ దొరికింది. లాకు అడగని కాపీ."

నేను తెర వైపు చూశాను. అతనే అందుకున్నాడు. "మాస్టారు డబ్బులు పెట్టి కొన్నదే కదా మేడమ్. ఆ కంపెనీయే లేదు. ఎవరికి తప్పు?"

అతనన్నదాంట్లో న్యాయం ఉంది. మాస్టారు నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. తెర మీద పటం చూపించారు. అందమైన పటం. నది నోటి నుంచి సముద్రంలోకి లేత నీలం దారి ఒకటి నున్నగా సాగింది. నాకూ సంతోషంగానే ఉంది.

కాని నాకు ఒక అలవాటు ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా కస్టమర్ ఫైలు కంటే ముందు దానితో వచ్చిన నమూనా ఫైలు తెరిచి, మాన్యువల్‌లో అచ్చు వేసిన బొమ్మతో పోల్చి చూస్తాను. ఆ అలవాటుకు మా ఆఫీసులో అందరూ నవ్వేవారు. ఆ రోజు కూడా టీ వచ్చేలోపు అదే చేశాను. నమూనా ఒక రిజర్వాయరు. మాన్యువల్‌లో దాని బొమ్మ ఒక పేజీ నిండా ఉంది. నీటి మధ్యలో చిన్న దీవి.

తెర మీద దీవి లేదు.

ఏదో పొరపాటు అనుకుని మళ్ళీ తెరిచాను. లేదు. దీవి ఉండాల్సిన చోట నీళ్ళు, లేత నీలం రంగు, నున్నగా. బొమ్మలో మిగతాదంతా సరిగ్గానే ఉంది. లోతైన చోట్లు లోతుగానే ఉన్నాయి. లోతు తక్కువ ఉన్న చోట్లు మాత్రమే, ఉన్నదానికంటే ఎక్కువ లోతున్నట్టు కనబడుతున్నాయి.

"ఒకసారి ఇటు రా," అన్నాను మా హార్డ్‌వేర్ ఆయనతో.

అతను పుస్తకం వైపు, తెర వైపు చాలాసేపు చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. "అంటే కావాలనే…" అని ఆగిపోయాడు.

అవును, కావాలనే. ఇలాంటివి ఉన్నాయని అంతకుముందు విన్నాను గాని చూడలేదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఎవరో, తన తాళం ఎవరైనా పగలగొడతారని ముందే ఊహించాడు. తలుపు దగ్గర ఆపకుండా దొంగను లోపలికి రానిచ్చి, వాడికి తప్పుడు లెక్కలు చూపించే ఏర్పాటు చేశాడు. ఎక్కడో, ఏ దేశంలోనో కూర్చుని, ఇన్నేళ్ళ తర్వాత మా విజయవాడ ఆఫీసులో జరగబోయేదాన్ని అంచనా వేశాడు. ఆ తెలివిని ముందు మెచ్చుకున్నాను. ఆ వెంటనే కోపం వచ్చింది. దొంగ గురించి అంత ఆలోచించినవాడు ఆ పటం పట్టుకుని పడవ నడిపేవాడి గురించి ఆలోచించలేదు.

మాస్టారి వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. ఆయనకు అప్పటికే అర్థమైంది. మేటలన్నీ నీళ్ళ కింద మాయమైన పటం ఆయన తమ్ముడి చేతిలో ఉంది. మర్నాడు బోట్లు కదులుతాయి.

ఆయన తమ్ముడికి ఫోను నేనే చేశాను. బస్సు చప్పుడులో ఆయన గొంతు వినబడింది.

"చెప్పండమ్మా."

"బాబాయిగారూ, నేను కంప్యూటర్ ఆఫీసు నుంచి. మీకిచ్చిన పటం వాడొద్దండి."

"తప్పా అమ్మా అది?"

"ఎంత తప్పో నాకింకా తెలీదు. సరైనదని మాత్రం చెప్పలేను. లోతు లేనిచోట ఉన్నట్టు చూపిస్తోంది."

ఆయన మామూలుగానే అన్నాడు. "ఫోటో తీసి ఊళ్ళో బోటు వాళ్ళందరి ఫోన్లకీ పంపేశానమ్మా. సరేలెండి. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ నేనే వెళ్ళి చెబుతా. సరైన పటం వస్తదా?"

వస్తుందని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. "ప్రయత్నం చేస్తానండి," అన్నాను.

"మీరు వచ్చిందని చెప్పేదాకా మా ఊరి బోటు మొగ దాటదు," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న మాస్టారు వచ్చి చెప్పారు. ఒక్క బోటూ కదల్లేదు. వేట ఆగిన ఇన్నాళ్ళ తర్వాత మొదటి రోజు సముద్రం నిండా చేప ఉంటుంది. వాళ్ళకు ఏడాదంతా ఎదురుచూసే రోజు అది. పక్క ఊళ్ళ బోట్లు వేరే మొగల్లోంచి అర్ధరాత్రే వేటకు వెళ్ళిపోయాయి. వీళ్ళ ఊళ్ళో ఐసు కరిగిపోతోంది. డీజిల్ నింపుకుని, వలలు సర్దుకుని, ఒడ్డున కూర్చుని ఉన్నారందరూ. కొందరు సరంగు మీద కేకలేశారట. ఆయన ఒకటే మాట చెప్పాడట, "మేడంగారు చెప్పనీయండి."

నన్ను వాళ్ళెవరూ చూడలేదు. నా పేరు కూడా తెలియదు. నా ఒక్క మాట మీద ఒక ఊరి బోట్లన్నీ ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మాటకు అంత బరువు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మా హార్డ్‌వేర్ ఆయన అప్పటికే ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆ లాకు పుట్టిన కాలంనాటి కంప్యూటర్, బోర్డు మీదే ప్రింటర్ పోర్టు ఉన్నది, ఇంకా బతికున్నది ఒకటి కావాలి. పాత సామాన్ల దుకాణాల వాళ్ళందరినీ అడిగాడు. అన్నీ తుక్కయిపోయాయి. చివరికి అతనికి మైలవరంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు గుర్తొచ్చింది. తెలుగు అక్షరాలు కంపోజ్ చేసే పాత సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి లాకే ఉండేది. ఆ ప్రెస్సు ఓనరు దాన్ని వదల్లేక, ఆ కంప్యూటర్నే బాగు చేయించుకుంటూ నడుపుతున్నాడు.

ఇద్దరం కారు మాట్లాడుకుని వెళ్ళాం. దారంతా మామిడి తోటలు. మైలవరం వచ్చాక అతను అన్నాడు, "మీరు ఆ నమూనా చూడకపోతే, మేడమ్…"

"చూశాం కదా," అన్నాను. ఆ సంగతి మళ్ళీ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ప్రెస్సు ఓనరు లావుపాటి మనిషి, మెడ మీద తువ్వాలు. మేమడిగింది విని చేతులు జోడించాడు. "ముహూర్తాల సీజనండీ. శుభలేఖలు గుట్టలుగా పడున్నాయి. ఇది ఆగితే నా ప్రెస్సు ఆగినట్టే. కావాలంటే ఇక్కడికే తెచ్చి మీ పని చేసుకోండి."

"లాకూ, పెద్ద ప్రింటరూ మా ఆఫీసులో ఉన్నాయండీ. అటూ ఇటూ తిరిగేసరికి ఇంకో రోజు పోతుంది," అన్నాను.

"దేనికమ్మా అంత అవసరం?"

చెప్పాను. మొగ, ఇసుక మేటలు, బోల్తా పడిన బోటు, ఒడ్డున ఆగి ఉన్న ఊరు. ఆయన వింటూ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి, సగంలో ఉన్న శుభలేఖ భద్రం చేసి, కంప్యూటర్ ఆపి, వైర్లు తనే పీకాడు. తన తెలుగు లాకు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పదండి, నేనూ వస్తా," అన్నాడు. "దీన్ని ఒక్కదాన్నే పంపను."

విజయవాడ దాకా ఆ కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి డబ్బా మీద, ఒక చెయ్యి చొక్కా జేబు మీద.

ఆఫీసులో దాన్ని బల్ల మీద పెట్టాం. మాస్టారి లాకు బిగించాం. సీడీ తిరిగింది. ఆ చప్పుడు ఎన్నాళ్ళకు విన్నానో. ఇన్‌స్టాలేషన్ ఏ అడ్డూ లేకుండా పూర్తయింది. ప్రోగ్రామ్ తెరిచాను.

లాకు కనబడలేదు.

ప్రెస్సు ఓనరు తన యంత్రం తప్పు చేసినట్టు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మాస్టారు కిటికీ వైపు తిరిగారు. ఆ నిమిషంలో నాకు పాత రోజులు అక్కరకొచ్చాయి. ఆ యంత్రాల్లో ప్రింటర్ పోర్టు రెండు మూడు రకాలుగా నడుస్తుంది. ప్రెస్సు వాళ్ళ ప్రింటరుకు పనికొచ్చే తీరు వేరు, ఈ లాకుకు కావలసిన తీరు వేరు. అప్పట్లో రోజూ ఎవరికో ఒకరికి ఫోన్లో ఇదే చెప్పేదాన్ని. కంప్యూటర్ మళ్ళీ వేసి, అది లేస్తున్నప్పుడు లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి పోర్టు తీరు మార్చాను.

ఈసారి ప్రోగ్రామ్ ఏమీ అడగలేదు. తెరుచుకుంది.

"ముందు నమూనా," అన్నాడు మా హార్డ్‌వేర్ ఆయన.

నమూనా తెరిచాను. నీళ్ళ మధ్యలో దీవి ఉంది.

అప్పుడు మాస్టారి ఫైలు, తమ్ముడు కొలిచిన కొత్త లోతులు ఎక్కించాను. ఆ యంత్రం నెమ్మది. ఇప్పటి కంప్యూటర్లలా పటాన్ని ఒక్కసారిగా తెర మీద పడేయదు. పై నుంచి కిందికి ఒక్కొక్క గీతే గీస్తుంది. మేమందరం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం.

ముందు ఒడ్డు వచ్చింది. మడ అడవుల వంపులు, నది నోరు. తర్వాత మొగ. నిన్నటి అందమైన పటానికీ దీనికీ పోలికే లేదు. నున్నటి దారి అనుకున్నచోట ఇసుక మేటలు గుంపులు గుంపులుగా లేచాయి. నిన్నటి పటం చూసి వెళ్ళి ఉంటే బోట్లన్నీ నేరుగా వాటి మీదికే పోయేవి. అసలు దారి పూర్తిగా పక్కకు, తూర్పు ఒడ్డును ఒరుసుకుంటూ సన్నగా ఉంది. దాన్ని చూసి మాస్టారు "ఇక్కడికి జరిగిందా," అని గొణుక్కున్నారు. పని అయిపోయింది. పటం దొరికింది. నేను లేవబోయాను.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు.

గీతలు ఇంకా దిగుతున్నాయి. మొగ దాటి సముద్రం మొదలైంది. లేత నీలం, దాని తర్వాత కొంచెం చిక్కటి నీలం. ఆ నీలం మధ్యలో, మొగకు ఎదురుగా, ముదురు రంగు పట్టీ ఒకటి కనబడటం మొదలైంది. ముందు మచ్చలా ఉంది. గీత గీతకూ పొడవవుతోంది. అది ఒకచోట ఎడమకు వంగింది. మళ్ళీ కుడికి తిరిగింది. దానిలోకి పక్క నుంచి సన్నటి పాయ ఒకటి వచ్చి కలిసింది. తెర అడుగుదాకా అలా వంపులు తిరుగుతూ, వెడల్పవుతూ వెళ్ళింది. ఒడ్డు కనబడనంత దూరం, సముద్రం అడుగున.

ప్రెస్సు ఓనరే ముందు అన్నాడు, చాలా నెమ్మదిగా. "ఇది నదిలా ఉందే."

"నదేనని నా నమ్మకం," అన్నారు మాస్టారు. "సముద్రం ఒకప్పుడు ఇప్పటికంటే చాలా కిందికి ఉండేదయ్యా. అప్పటి ఒడ్డు ఎంతో దూరం. కృష్ణ అక్కడిదాకా పారేది. తర్వాత సముద్రం పైకొచ్చి ముంచేసింది. నేను ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా చూశాను. ఒక ఏడు ఈ వంపు, ఒక ఏడు ఆ పాయ. మధ్యలో కొలతలు లేని ఖాళీ ఉండేది. మొన్న చలికాలం తమ్ముడు ఆ ఖాళీలో తిరిగొచ్చాడు. మొత్తంగా చూడటం ఇదే."

నేను బందరు కాలువ గట్టు పక్కన పెరిగినదాన్ని. బ్యారేజీ మీద నుంచి కృష్ణను చూడని వారం లేదు నా జీవితంలో. నది సముద్రంలో కలిసి అయిపోతుందని బడిలో చెప్పారు, నేనూ అదే నమ్మాను. మా బల్ల మీద, శుభలేఖలు కంపోజ్ చేసే ఆ పాత తెర మీద, అది అయిపోకుండా ఇంకా వెళుతోంది. మనుషులు ఊళ్ళు కట్టకముందు ఎలా తిరిగిందో అదే వంపుతో, చీకట్లో, అంత నీటి బరువు కింద. దాన్ని గీసింది ఏ పెద్ద సంస్థా కాదు. తండ్రి పడవ ఎక్కనివ్వని అన్న, బడి మానేసిన తమ్ముడు. రోడ్డు మీద బస్సుల రొద కూడా ఎక్కడో దూరంగా వినబడినట్టు ఉంది. చివరి గీత పడి, యంత్రం ఆగాక కూడా ఎవరూ లేవలేదు.

పటాన్ని ఫైలుగా తీసి పెద్ద ప్రింటరు మీద వేశాం. ప్రెస్సు ఓనరు తనకూ ఒకటి కావాలన్నాడు. దాన్ని చుట్టి, కంప్యూటర్ పక్కన పెట్టుకుని మైలవరం వెళ్ళిపోయాడు. బాడుగ ఇస్తామంటే తిట్టినంత పని చేశాడు.

మాస్టారి తమ్ముడికి ఫోను చేసి పటం వచ్చిందని చెప్పాను. "మీరు చూశారామ్మా?" అన్నాడు. చూశానన్నాను. "అయితే మీరే తీసుకురండి," అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే మాస్టారూ నేనూ పటాలు చుట్టుకుని బయల్దేరాం. ఊరు చేరేసరికి ఎండెక్కింది. ఒడ్డున ఆడవాళ్ళూ మగవాళ్ళూ నిలబడి ఉన్నారు. తమ్ముడు, నల్లగా గట్టిగా ఉన్న మనిషి, పటాన్ని ఇసుకలో పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. బోటు నడిపేవాళ్ళంతా దాని చుట్టూ గొంతుక్కూర్చున్నారు. కొత్త దారి ఎక్కడుందో ఆయన వేలితో చూపించాడు. ఒకరిద్దరు అది తప్పేమో అన్నారు, ఎప్పుడూ అటు దారి లేదన్నారు.

"ముందు నా బోటు పోద్ది," అన్నాడాయన. "నాకు తగలకపోతే తువ్వాలు ఊపుతా, నా ఎనకే రండి." తర్వాత అన్నవైపు చూసి, "నువ్వూ ఎక్కు," అన్నాడు.

మాస్టారు వెనక్కి తగ్గారు. "నాన్న…"

"నాన్న లేడు. నీ పటం నువ్వు చూడవా?"

నన్నూ ఎక్కించుకున్నారు. నాకు ఈత రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బోటు తూర్పు ఒడ్డు వైపు తిరిగింది. తమ్ముడి పక్కన సౌండర్ చిన్న తెర మీద లోతు అంకెలు మారుతున్నాయి. మాస్టారు పటం ఒళ్ళో పరుచుకుని, ముందు రాబోయే లోతును పోటు లెక్క కలిపి పైకి చదువుతున్నారు. ఆయన చదివిన కాసేపటికి సౌండర్ అదే చూపిస్తోంది. మళ్ళీ చదివారు, మళ్ళీ అదే. కుడివైపు కొంచెం దూరంలో అలలు విరిగి నురగలు లేస్తున్నాయి. ఆ తప్పుడు పటంలో నున్నటి దారి ఉన్నది అక్కడే. తమ్ముడు అటు ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేదు. నీళ్ళ రంగు మారింది. బోటు ఊగడం మారింది. మొగ దాటేశాం.

ఇంకా ముందుకు వెళ్ళాక సౌండర్ మీద అంకెలు గబగబా పెరిగాయి. తమ్ముడు ఇంజను ఆపాడు. వెనక దగ్గర్లోనే కనబడే ఒడ్డు తప్ప చుట్టూ నీళ్ళే. ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా తెలియని నీళ్ళు.

"అన్నా, ఇదేనా?" అన్నాడు.

మాస్టారు పటం చూసుకుని తలూపారు. బోటు అంచు మీద నుంచి వంగి చెయ్యి నీళ్ళలో పెట్టి, అలాగే ఉంచేశారు. నేను కిందికి చూశాను. ఏమీ కనబడదని తెలుసు. అయినా మా అడుగున ఆ పెద్ద వంపు తిరుగుతూ ఉందన్న సంగతి నా కాళ్ళకు తెలిసినట్టే అనిపించింది. భయం మాత్రం వేయలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఆ పాత లాకులతో, ఎర్రర్లతో అన్నేళ్ళు ఎలా వేగారని. విసుగొచ్చిన రోజులు చాలా ఉన్నాయని చెబుతాను. అది నిజమే. ఆ రోజు గురించి మాత్రం ఇంత వివరంగా ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు లేచి నిలబడి, ఒడ్డు వైపు తిరిగి తల మీది తువ్వాలు తీసి ఊపాడు. అక్కడ ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. మొదటి బోటు తూర్పు ఒడ్డును ఒరుసుకుంటూ వచ్చింది. దాని వెనక రెండోది, దాని వెనక ఇంకోటి. ఏ బోటూ పక్కకు తొలగలేదు. ముందుబోటు తిరిగినచోటే వెనకదీ తిరుగుతోంది. చూస్తుండగానే ఆ వరస మొగ పొడవునా సాగి, ఊరినీ సముద్రాన్నీ కలుపుతూ నీళ్ళ మీద ఒక్కటే గీతగా నిలిచింది.